వాన పడగానే నది మళ్ళీ నల్లబడుతోంది: రోడ్ల మీది నీటిని ఏం చేయాలి?

ఏటిగట్టు

అందరికీ నమస్కారం. నగరం మధ్య నుంచి పారే నదుల గురించి ఒక ప్రశ్న. చాలాచోట్ల వరస ఒకటే. ఇళ్ళ మురుగు నదిలో కలవకుండా ఒడ్డు వెంట పెద్ద పైపులు వేస్తారు, శుద్ధి ప్లాంట్లు కడతారు. ఎండ రోజుల్లో నీళ్ళు కాస్త తేటపడతాయి, కొంగలు కూడా వచ్చి వాలతాయి. అంతలో ఒక గట్టి వాన. మర్నాడు చూస్తే నీళ్ళు నల్లగా ఉంటాయి, ఒడ్డున నురగ, వెల్లకిలా తేలిన చేపలు. ఏదో ఫ్యాక్టరీ వాళ్ళు రాత్రికి రాత్రి వదిలేశారని అందరం అనుకుంటాం. కొన్నిసార్లు అది నిజమే. కానీ ఎగువన ఒక్క ఫ్యాక్టరీ కూడా లేని వాగుల్లోనూ ఇదే జరుగుతోంది.

చదివినంతలో నాకు అర్థమైంది ఇది. రోడ్లు, డాబాలు, పార్కింగ్ స్థలాలు, వర్క్‌షాపుల ముంగిళ్ళు కడిగిన వాన నీరు వరద కాలువల్లో పడి, ఏ శుద్ధీ లేకుండా నేరుగా నదికి పోతుంది. రోడ్డు పక్క జాలీలో పోసింది ఎక్కడో ప్లాంటుకు చేరుతుందని చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతున్నారు. పెయింటు బ్రష్షులు కడిగిన నీళ్ళు, బండి నుంచి తీసిన పాత ఆయిలు అందులోనే పోస్తున్నారు.

మా కాలనీ సంఘం తరఫున మునిసిపాలిటీకి ఒక వినతి రాయాలనుకుంటున్నాం. "నదిని కాపాడండి" అని రాస్తే ఫైల్లో పడి ఉంటుంది. ఫలానా పని ఫలానా చోట చేయండి అని రాయాలి. పని తెలిసినవాళ్ళు చెప్పండి, దేనితో మొదలుపెట్టాలి?

నిజంచెప్తా

మురుగుతో. ఇంకో జవాబు లేదండీ. ప్లాంట్లు కట్టినంత మాత్రాన ఇళ్ళ మురుగంతా వాటికి చేరుతోందని ఎవరు చెప్పారు? సగం చోట్ల పైపు చివరిదాకా కలపనే లేదు. అది వదిలేసి రోడ్డు మీద దుమ్ము గురించి మాట్లాడితే బాధ్యులకు మంచి సాకు దొరుకుతుంది. "అంతా వాన వల్లే" అని చేతులు దులుపుకుంటారు.

పైపులైను

నిజంచెప్తా గారి కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఇవి రెండు వేరు వేరు సమస్యలు కావు. డ్రైనేజీ పనుల్లోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పాత నగరాల్లో చాలాచోట్ల ఒకటే పైపు ఉంటుంది. ఇంటి మురుగు, వాన నీరు కలిసి అందులోనే పోతాయి. మామూలు రోజుల్లో అంతా ప్లాంటుకు చేరుతుంది. వాన గట్టిగా పడితే పైపు పట్టదు. వెనక్కి తన్ని ఇళ్ళలోకి రాకుండా, ఒక మట్టం దాటిన నీరు నదిలోకి పొర్లిపోయే ఏర్పాటు ఉంటుంది. లండన్, పారిస్ మధ్య భాగాలు ఇలాంటివే. తర్వాత పెరిగిన ప్రాంతాల్లో రెండు పైపులు వేశారు: మురుగుది ప్లాంటుకు, వానది నదికి. ప్లానులో చూస్తే చక్కగానే ఉంటుంది. పనిలో ఏమవుతుందంటే, కొత్తగా కట్టిన బాత్రూమ్ కనెక్షన్ కోసం తవ్వినప్పుడు ఏ పైపు ముందు తగిలితే దానికే కలిపేస్తారు. వాన పైపు లోతు తక్కువ కాబట్టి ఎక్కువసార్లు అదే తగులుతుంది. అలా వరద నీటి పైపులో ఏడాది పొడుగునా మురుగు పారుతుంది.

ఏటిగట్టు గారూ, మీ వినతిలో మొదటి అంశం ఇదే రాయండి. దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. వరుసగా మూడు రోజులు వాన లేకపోయినా వరద పైపు మూతి నుంచి నీళ్ళు వస్తున్నాయంటే అది వాన నీరు కాదు. ఊట నీరైనా కావాలి, పగిలిన మంచినీటి పైపైనా కావాలి, మురుగైనా కావాలి. అమ్మోనియా, డిటర్జెంటు పరీక్షలు చేస్తే ఏదో తేలిపోతుంది.

ల్యాబు అందుబాటులో లేకపోతే పత్తి చాలు. బట్టల సబ్బుల్లో తెలుపు మెరవడానికి ఒక పదార్థం కలుపుతారు. శుద్ధమైన పత్తిని చిన్న వల సంచిలో పెట్టి, పైపు మూతి దగ్గర నీళ్ళు తగిలేలా కొన్ని రోజులు కట్టి ఉంచండి. తర్వాత కడిగి ఆరబెట్టి, చీకట్లో నోట్లు పరీక్షించే దీపం కింద చూడండి. నీలంగా మెరిస్తే ఎగువన ఎక్కడో వాషింగ్ మెషిన్ నీళ్ళు ఇందులో కలుస్తున్నట్టే. ఒక్కో మ్యాన్‌హోల్ దాటి పైకి పోతూ ఇదే చేస్తే, మెరుపు ఆగిపోయిన చోటికీ మెరిసిన చోటికీ మధ్యలో తప్పు కనెక్షన్ ఉంటుంది. కట్టే ముందు ఆ పత్తిని దీపం కింద చూసుకోవడం మరిచిపోకండి. కొన్ని రకాల పత్తి ముందే మెరుస్తుంది.

ఏటిగట్టు

సార్, ఇది మేమే చేయగల పని. చాలా థ్యాంక్స్.

లెక్కలమాష్టారు

నీరు ఎంత అన్నది ముందు మనసుకు పట్టాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల డాబా మీద 25 మిల్లీమీటర్లు పడితే 2,500 లీటర్లు. ఒక హెక్టారు సిమెంటు పార్కింగ్ మీద అదే వానకు 2,50,000 లీటర్లు. అక్కడ చెట్లూ గడ్డీ ఉన్న నేల ఉండి ఉంటే ఇందులో ఎక్కువ భాగం ఇంకిపోయేది. గచ్చు చేసినందువల్ల అంతా ఒక్కసారిగా, వేడిగా, మురికిగా కాలువలోకి దూకుతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. వాగులోకి నీరు వచ్చే మొత్తం ప్రాంతంలో దాదాపు 10 శాతం గచ్చు అయ్యేసరికే వాగు పాడవడం కనిపిస్తుందని, 25 శాతం దాటితే బాగా దెబ్బతింటుందని ఈ రంగంలో చాలాకాలంగా వాడుతున్న అంచనా. ఊరి నడిబొడ్డున గచ్చు ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే అన్ని ప్లాంట్లు కట్టినా నది పూర్తిగా కోలుకోదు.

నాచుపచ్చ

మాష్టారు పరిమాణం చెప్పారు, నేను అందులో ఏముందో చెప్తాను. నీటి జీవాల మీద పని చేస్తాను.

చాలా రోజుల తర్వాత పడిన మొదటి వానలో, మొదటి పావుగంటలో కాలువలో పారే నీళ్ళు ఒక గాజు సీసాలో పట్టి కదల్చకుండా పెట్టండి. చూస్తుండగానే అడుగున ఇసుక దిగుతుంది. దాని మీద నెమ్మదిగా నల్లటి మెత్తటి బురద పేరుకుంటుంది. పైన రంగులు మారే పల్చటి నూనె పొర, అందులో సిగరెట్ పీకలు, థర్మాకోల్ గింజలు. మధ్యలోని నీరు మాత్రం మర్నాటికి కూడా తేటపడదు. అందులో తేలుతున్న కణాలు అంత సన్నవి. బ్రేకుల నుంచి రాలిన రాగి, టైర్లు, రేకుల నుంచి వచ్చిన జింకు ఎక్కువగా అంటుకుని ఉండేది ఆ సన్న కణాలకే. పెద్ద చెత్తను ఆపే జాలీలు వీటిని ఆపలేవు.

ఒక ఉదాహరణ తప్పకుండా చెప్పాలి. అమెరికా వాయవ్య తీరంలో కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నగరాల వాగుల్లోకి ఎదురీది వస్తాయి. వాన పడిన కొద్ది గంటల్లోనే, ఇంకా గుడ్లు పెట్టకుండానే చచ్చిపోయేవి. ఎందుకో చాలా ఏళ్ళు ఎవరికీ అంతుపట్టలేదు. 2020 చివర్లో కారణం బయటపడింది. టైరు రబ్బరు పగిలిపోకుండా 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది గాలిలోని ఓజోన్ తగిలి 6పీపీడీ-క్వినోన్ అనే విషంగా మారుతుంది. టైరు అరిగి రాలిన పొడిలోంచి వాన నీటితో అది వాగులోకి చేరుతోంది. మురుగు ఒక్క చుక్క కలవకపోయినా ఆ చేపలు చచ్చాయి. నిజంచెప్తా గారు, మీకు ఈ సంగతి చెప్పాలనిపించింది.

అదే రోడ్డు నీటిని ఇసుకా కంపోస్టూ కలిపిన మట్టి గుండా వడగట్టి చేపలను వదిలితే బతికాయి. రోడ్డుకీ కాలువకీ మధ్య కొంచెం మట్టి ఉంటే చాలా తేడా వస్తుందని దాంతో రుజువైంది.

నిజంచెప్తా

చేపల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటాను. అయినా డబ్బు ఒక్కసారే ఉన్నప్పుడు ముందు దేనికి పెట్టాలనేదే నా ప్రశ్న.

పొద్దుటిడ్యూటీ

రోడ్లు ఊడ్చే బ్యాచ్‌ని చూసుకునే ఉద్యోగం నాది. ఎవరూ చెప్పని విషయాలు రాస్తాను.

రోడ్డు ఊడ్చాక పోగైన మట్టి ఎక్కడికి పోతుందో ఎవరైనా చూశారా? చాలాచోట్ల జాలీలోకే తోసేస్తారు. పనివాళ్ళను తిట్టి లాభం లేదు. తట్ట ఇవ్వరు, బండి సమయానికి రాదు, రోడ్డు మాత్రం తెల్లారేసరికి శుభ్రంగా కనపడాలంటారు. అప్పుడు వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? ప్రతి వీధి చివర తడి లేని చోట ఒక డబ్బా పెట్టి, రోజూ ఎత్తే ఏర్పాటు చేస్తే ఇది ఆగిపోతుంది. దీనికి టెండర్లు కూడా అక్కర్లేదు.

రెండోది పూడిక. కాలువలో బురద తీసి గట్టు మీదే పోస్తారు. తడిగా ఉంటే లారీలో ఎత్తలేరు, కారిపోతుంది, కాబట్టి ఆరనివ్వడం తప్పదు. కానీ ఆరాక మళ్ళీ ఎవరూ రారు. బిల్లు తీసినదానికి ఇస్తారు, ఎత్తుకెళ్ళినదానికి కాదు. మొదటి వానకే ఆ కుప్ప మొత్తం మళ్ళీ కాలువలో. ఎత్తి డంపింగ్ యార్డులో తూకం వేశాకే బిల్లు అని ఒక్క మాట రాయించండి చాలు.

ఇంకొకటి. పూడిక వానాకాలం మొదలయ్యే ముందు తీయాలి. వానలు పడుతుండగా తీస్తే కదిలిన బురదంతా నదికి పోతుంది.

నాచుపచ్చ

పొద్దుటిడ్యూటీ గారి పోస్టు చదివాక అనిపించింది, మేము రాసే రిపోర్టుల్లో ఈ బిల్లు సంగతి ఎప్పుడూ ఉండదు. ఉండాలి.

ఊడవడం గురించి ఒక గట్టి ఆధారం ఉంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరంలో, రాలిన ఆకులు వీధిలోంచి వాన రాకముందే ఎత్తేస్తే, ఆకులు రాలే కాలంలో వరద నీటిలో ఫాస్ఫరస్ 80 శాతానికి పైగా తగ్గింది. ఆకు తడిసి నానితే అందులోని ఫాస్ఫరస్ నీళ్ళలోకి దిగుతుంది. నదిలో అది నాచుకు ఎరువు. నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ లాగేస్తుంది. చేపలకు ఊపిరి అందదు. చెట్లు కొట్టేయమని దీని అర్థం కాదు, దయచేసి ఎవరూ అలా తీసుకోకండి. ఆకులు జాలీ మీద కుళ్ళనివ్వొద్దు, అంతే.

వానకోయిల

నేను తోటల డిజైన్ చేస్తాను. వాన తోటల గురించి ఇప్పటిదాకా ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

రోడ్డు అంచున లేదా పార్కింగ్ పక్కన నేలను కాస్త పల్లంగా తవ్వి, లోపల ఇసుక ఎక్కువగా ఉండే మట్టి మిశ్రమం నింపి, నీటినీ ఎండనూ తట్టుకునే మొక్కలు పెడతాం. మట్టి లోతు రెండు మూడు అడుగులు. పైన అరడుగు నుంచి అడుగు దాకా నీళ్ళు నిలవొచ్చు. ఒకటి రెండు రోజుల్లో మొత్తం ఇంకిపోవాలి. దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వెచ్చటి చోట్ల కూడా వారం దాకా పడుతుంది కాబట్టి, సరిగ్గా కట్టిన వాన తోటలో దోమలు పుట్టవు. మూడో రోజు కూడా నీళ్ళు నిలిచి ఉంటే ఏదో తేడా చేసిందన్నమాట, వెంటనే చూసుకోవాలి.

ఎక్కువ వాన తోటలు ఎందుకు పని చేయవో తెలుసా? నీళ్ళు లోపలికే రావు! రోడ్డు అంచు రాయికి గండి కొట్టి నీరు వచ్చే దారి పెడతారు. ఆ గండి అడుగు, రోడ్డు కంటే రెండు వేళ్ళ మందం ఎత్తు ఉంటే చాలు, నీళ్ళు దాన్ని దాటుకుని నేరుగా జాలీకి పోతాయి. లోపల మొక్కలు ఎండిపోతాయి, బయట కాలువ పొంగుతుంది. మొదట్లో సరిగ్గానే ఉన్నా, వచ్చిన మట్టి ఆ మూతి దగ్గరే పడి చిన్న గట్టులా పేరుకుంటుంది. గడ్డి మొలిచి ఇంకా ఎత్తవుతుంది. అందుకే మూతి లోపల రాళ్ళు పరిచిన చిన్న గుంట పెట్టాలి. మట్టి అందులో ఆగితే పారతో తీసేయడం సులువు. పని అయ్యాక బిల్లు ఇచ్చే ముందు ఒక ట్యాంకర్ నీళ్ళు రోడ్డు మీద వదిలి, అవి ఎటు పోతున్నాయో దగ్గరుండి చూడమని వినతిలో రాయండి. ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

మట్టి మిశ్రమంలో కంపోస్టు ఎక్కువ వేస్తే మొక్కలు బాగా వస్తాయని చాలామంది వేసేస్తారు. కానీ దాంట్లోంచి ఫాస్ఫరస్ కారి మళ్ళీ నదికే పోతుంది. తక్కువ వేయాలి.

నిజంచెప్తా

> ఒకటి రెండు రోజుల్లో మొత్తం ఇంకిపోవాలి

బంకమట్టి నేలల్లో ఎలా ఇంకుతుందండీ? ఒక్క రాత్రిలో వంద మిల్లీమీటర్లు కురిసే చోట ఈ తోటలు ఏ మూలకు? ఫొటోలు దిగడానికి బాగుంటాయి. వరదలో కొట్టుకుపోతాయి.

వానకోయిల

బంకమట్టి అయితే అడుగున చిల్లుల పైపు వేసి, వడిసిన నీటిని కాలువకు కలుపుతాం అన్నా. అప్పుడు ఇంకడం తగ్గుతుంది కానీ వడపోత జరుగుతుంది, నీరు నెమ్మదిగా పోతుంది. రెండూ నదికి మేలే.

లెక్కలమాష్టారు

వంద మిల్లీమీటర్ల ప్రశ్న న్యాయమైనదే. జవాబు కూడా సూటిగా చెప్పాలి: ఆ వానను తోటలు ఆపవు. వరద ఆపడానికి వేరే ఏర్పాట్లు కావాలి, వెడల్పాటి కాలువలు, చెరువులు, నీళ్ళు నిలవగల మైదానాలు. కోపెన్‌హాగన్‌లో 2011 జూలైలో కుండపోత వచ్చాక, మరుసటి ఏడాది తెచ్చిన ప్లానులో కొన్ని వీధులను, పార్కులను వరద నీరు నిలవడానికే తీర్చిదిద్దారు. అది వేరే పద్దు.

కానీ కాలుష్యం లెక్క వేరు. ఏడాదిలో కురిసే వానల్లో చిన్నవే ఎక్కువ, మురికిని కడిగి తెచ్చేదీ ప్రతి వానలో మొదటి భాగమే ఎక్కువ. అందుకే అమెరికాలో చాలా నగరాలు మొదటి 25 మిల్లీమీటర్లను పట్టి వడగట్టేలా డిజైన్ చేస్తాయి. వానలు గట్టిగా పడే చోట ఆ అంకె పెంచుకోవాలి, అంతేగానీ ఎలాగూ మొత్తం ఆపలేమని మొదటి భాగాన్నీ వదిలేయకూడదు.

ఫిలడెల్ఫియా 2011లో 25 ఏళ్ళ పథకం మొదలుపెట్టింది. భూగర్భంలో పెద్ద సొరంగం తవ్వడానికి బదులు, ఎక్కువ డబ్బు ఇలాంటి తోటలకు, చెట్ల గుంటలకు, ఇంకే నేలకు పెట్టాలని నిర్ణయించింది.

పైపులైను

మాష్టారూ, ఇక్కడ నాది కాస్త వేరే అభిప్రాయం. ఒకే పైపు ఉన్న ఇరుకు నగరాల్లో తోటలకు జాగా ఎక్కడుంది? పొర్లిపోయే నీటిని పట్టడానికి లండన్ చివరికి థేమ్స్ నది కింద 25 కిలోమీటర్ల సొరంగం తవ్వక తప్పలేదు. 2025లో దాన్ని పాత డ్రైనేజీకి పూర్తిగా కలిపారు. పారిస్ 2024 ఒలింపిక్స్ కోసం 50,000 ఘనపు మీటర్ల ట్యాంకు భూమిలో కట్టింది. అక్కడి సేన్ నదిలో 1923 నుంచి ఈత నిషేధం ఉండేది. ట్యాంకుతో పాటు ఎగువ ఊళ్ళలో తప్పు కనెక్షన్లు సరిచేశారు, నదిలో నివాస పడవలను మురుగు లైనుకు కలిపారు. 2025 వేసవిలో జనం ఈదగలిగారు. కాంక్రీటు అంటే చెడ్డదన్నట్టు మాట్లాడకూడదు.

లెక్కలమాష్టారు

చెడ్డదనలేదు సార్. కానీ అంత కట్టాక కూడా ఒలింపిక్స్‌లో వాన పడి నీళ్ళు చెడి, సేన్‌లో ఈత కూడా ఉన్న పురుషుల ట్రయథ్లాన్ పోటీ ఒక రోజు వాయిదా పడింది. ఇప్పుడూ గట్టి వాన పడితే ఈతకు మూసేస్తారు. ట్యాంకు ఒకసారి నిండిపోతే తర్వాతి వాన దారి పాతదే. పైనే నీరు తగ్గితే ట్యాంకు నిండదు. అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్‌లో ఇళ్ళ డాబా పైపులను డ్రైనేజీ నుంచి విడదీసి పెరట్లోకి వదిలారు. అలా 50,000కు పైగా పైపులు విడదీశారు. ఒక్కో ఇంటికి మోచేయి పైపు ఒకటి, నీళ్ళు పడేచోట ఒక రాయి. అన్నీ కలిస్తే పెద్ద ట్యాంకు చేసే పని చేస్తాయి.

పైపులైను

అది నిజమే. పోర్ట్‌ల్యాండ్ కూడా పెద్ద సొరంగాలు తవ్వింది కానీ, డాబా పైపులు విడదీయడం అన్నిటికంటే చవకైన పని.

ఏటిగట్టు

ఇక్కడ ఒక సందేహం. మా దగ్గర అందరూ ఇంకుడు గుంతలు తవ్వమంటున్నారు. డాబా నీళ్ళతో పాటు రోడ్డు నీళ్ళు కూడా అందులోకే మళ్ళించొచ్చా? నదికి పోకుండా అక్కడే ఆగిపోతాయి కదా.

నాచుపచ్చ

వద్దండీ. దయచేసి ఇది అందరికీ చెప్పండి. డాబా నీరు ఒకటి, రోడ్డు నీరు మరొకటి. డాబా నీళ్ళు మొదటి వాన వదిలేశాక ఇంకుడు గుంతకు పంపొచ్చు. రోడ్డు నీళ్ళను లోతైన గుంతలోకి, అందులోనూ పాత బోరుబావిలోకి పంపితే, నదికి పోయే విషాన్ని నేరుగా తాగే నీళ్ళలో కలిపినట్టే. పై మట్టి పొరలోనే వడపోత జరుగుతుంది. లోతైన గుంత ఆ పొరను దాటేస్తుంది. రోడ్డు నీళ్ళు ముందు వానకోయిల గారు చెప్పిన తోట లాంటి మట్టిలోంచి పోవాలి. పెట్రోలు బంకులు, మెకానిక్ షెడ్లు, రసాయనాల గోదాముల ముంగిళ్ళ నీరు అసలు భూమిలోకి పంపకూడదు. అక్కడ పైకప్పు వేసి వాన తగలకుండా చూడటం, ఆయిలు వేరు చేసే తొట్టె పెట్టడం సరైన దారి.

వానకోయిల

నాచుపచ్చ గారు చెప్పింది నూటికి నూరు శాతం.

పొద్దుటిడ్యూటీ

ఇళ్ళు కట్టే చోట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇసుక కుప్ప సగం రోడ్డు మీదే పోస్తారు. ఒక వానకు కాలువ నిండా ఇసుకే. మా వాళ్ళు ఎన్ని వారాలు తీసినా తీరదు.

లెక్కలమాష్టారు

కట్టడాల స్థలాల నుంచి కొట్టుకుపోయే మట్టి, సాగు భూముల కంటే 10 నుంచి 20 రెట్లు, అడవి నేల కంటే 1,000 నుంచి 2,000 రెట్లు ఉంటుందని అమెరికా పర్యావరణ సంస్థ అంచనా. పర్మిషన్ ఇచ్చేటప్పుడే కుప్ప మీద కప్పే టార్పాలిన్ పట్టా, చుట్టూ మట్టి ఆపే గుడ్డ కంచె, గేటు దగ్గర కంకర పరుపు తప్పనిసరి చేయాలి. లారీ టైర్ల మట్టి ఆ కంకర మీద రాలిపోతుంది.

నాచుపచ్చ

పుట్టేచోటే ఆపడం గురించి మరో రెండు సంగతులు. కాలిఫోర్నియా 2010లో చట్టం చేసి బ్రేకు ప్యాడ్లలో రాగిని 2021కి 5 శాతం లోపు, 2025కి అర శాతం లోపు ఉండాలంది. టెక్సస్‌లోని ఆస్టిన్ నగరం పార్కింగ్ స్థలాల మీద పూసే కోల్‌తారు సీలెంటును 2006 నుంచి నిషేధించింది. ఆ తర్వాత ఏళ్ళలో అక్కడి సరస్సు అడుగు మట్టిలో దాని విషాలు బాగా తగ్గాయి. ఏ తోటా, ఏ ట్యాంకూ కట్టకుండానే! వినతులు మునిసిపాలిటీకే పరిమితం కానక్కర్లేదు. వస్తువులో ఏం కలపాలో నిర్ణయించే చోటికి కూడా రాయాలి.

నిజంచెప్తా

ఇవన్నీ చదివాక అడుగుతున్నాను. నది ఒడ్డున రాళ్ళు పరిచి, ఫౌంటెన్లు, లైట్లు పెట్టి "పునరుద్ధరణ" అంటారు కదా. దాని మీద మీరంతా ఏమంటారు? నాకైతే ఒళ్ళు మండుతుంది.

వానకోయిల

నాకూ బాధగానే ఉంటుంది. సియోల్‌లో చోంగ్యేచోన్ అనే వాగు పైనున్న హైవే తీసేసి 2005లో వాగును మళ్ళీ తెరిచారు. జనం నడవడానికి అద్భుతమైన చోటు, వేడి కూడా తగ్గింది. కానీ అందులో నీరు చాలా భాగం హాన్ నది నుంచి పంపులతో తెచ్చి వదిలేది. ఊరి వాన నీటిని అది బాగుచేయలేదు. సింగపూర్‌లో బిషాన్ పార్కు పక్కన కలాంగ్ నది 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువగా ఉండేది. 2012కి దాన్ని 3.2 కిలోమీటర్లు వంపులు తిరుగుతూ పారే వాగుగా మార్చారు. ఒడ్డున గడ్డి, మొక్కలు, వరద వస్తే పార్కే నీటిని పట్టుకుంటుంది. పక్కనే మొక్కల పడకల్లో చెరువు నీటిని వడగడతారు. నాకు రెండోదే నచ్చుతుంది.

పైపులైను

ఒడ్డు అందంగా ఉంటే జనం నది వైపు వస్తారు. జనం వస్తేనే కంపు కొట్టినప్పుడు అడుగుతారు. కాబట్టి ఫౌంటెన్లను పూర్తిగా కొట్టిపారేయను. కానీ పైపులు బాగుచేసే డబ్బు వాటికి పెడితే మాత్రం తప్పే.

ఏటిగట్టు

డబ్బు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఇదంతా ఎవరు భరించాలి?

లెక్కలమాష్టారు

గచ్చు ఎంత ఉంటే అంత కట్టాలి. జర్మనీలో చాలా ఊళ్ళలో మురుగు చార్జీ వేరు, వాన నీటి చార్జీ వేరు. వాన చార్జీ స్థలంలో ఎంత గచ్చు నుంచి నీరు కాలువలోకి పోతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫిలడెల్ఫియా కూడా 2010 నుంచి ఇళ్ళు కాని ఆస్తులకు ఇలా లెక్కగట్టడం మొదలుపెట్టింది. నీళ్ళ బిల్లు చూసి చార్జీ వేస్తే, పెద్ద పార్కింగ్ ఉన్న గోదాము వాడే నీళ్ళు తక్కువ కాబట్టి దాదాపు ఏమీ కట్టదు. నదికి పోయే మురికిలో మాత్రం దాని వాటా పెద్దది. విస్తీర్ణం బట్టి వేస్తే, గచ్చు పగలగొట్టి తోట పెట్టినవాళ్ళకు బిల్లు తగ్గుతుంది. వాళ్ళే ముందుకొస్తారు. చిన్న ఇళ్ళకు మాత్రం మినహాయింపు గట్టిగా ఉండాలి. లేకపోతే పేదవాళ్ళ మీద పడుతుంది.

ఇంకోటి, కొలిచింది అందరికీ చూపించాలి. బోస్టన్ దగ్గరి చార్లెస్ నదికి 1995 నుంచి ఏటేటా గ్రేడు ప్రకటిస్తున్నారు. మొదటి ఏడాది డి వచ్చింది. ఇప్పుడు చాలా భాగాలకు బి, అంతకంటే మంచివి వస్తున్నాయి. వాన పడిన రోజుల నీటిని కూడా కొలవాలి. ఎండ రోజుల్లోనే శాంపిల్ తీస్తే ఎప్పుడూ బాగున్నట్టే కనపడుతుంది.

నిజంచెప్తా

ఈ చివరి మాట మీద నేను మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వాన రోజు శాంపిల్ తప్పనిసరి అని రాయండి. అయినా నా వరస మారలేదు: ముందు తప్పు కనెక్షన్లు, తర్వాతే మిగతావి.

ఏటిగట్టు

వినతి ముసాయిదా రాస్తున్నాను. మొదట ఎండ రోజుల్లో పారే వరద పైపుల జాబితా, ఫొటోలతో. పత్తి పరీక్ష మేమే చేసి జత చేస్తాం. తర్వాత ఊడ్చిన మట్టికి డబ్బాలు, పూడికకు తూకం చూసి బిల్లు. ఆపైన నది పక్కనున్న పెద్ద పార్కింగ్‌లో ఒక వాన తోట, ట్యాంకర్ పరీక్షతో. వాన రోజు శాంపిల్ కూడా. పొద్దుటిడ్యూటీ గారూ, ఒక్కటి అడగాలి. వాన తోట మూతి దగ్గర గుంటలో మట్టి ఎన్నాళ్ళకొకసారి తీయాలి? ఎవరితో తీయించాలి? దీనికే అందరూ వెనకాడుతున్నారు.

పొద్దుటిడ్యూటీ

తేదీ పెట్టుకోకండి, వాన చూసి చేయండి. మొదటి గట్టి వాన తర్వాత ఒకసారి తప్పకుండా, ఆపైన ప్రతి పెద్ద వానకీ వెళ్ళి చూడటం. గుంట సగం నిండితే తీసేయాలి. పొడి రోజుల్లో నెలకోసారి చాలు. ఆ రోడ్డు ఊడ్చే మనిషికే అప్పగించండి, రోజూ అటే తిరుగుతారు కాబట్టి ముందు కనిపెట్టేది వాళ్ళే. కానీ ఊరికే అప్పగించొద్దు. దానికి అదనపు కూలి, పార, గ్లౌజులు, ఎత్తిన మట్టి వేయడానికి డబ్బా ఎక్కడుందో, ఇవన్నీ వినతిలోనే రాయండి. ఆ మట్టిలో గాజు పెంకులు, సూదులు ఉంటాయి. ఒట్టి చేతులతో తీయమనకండి.

ఏటిగట్టు

రాశాను. కూలి, గ్లౌజులు మొదటి పేజీలోనే పెట్టాను. ముసాయిదా పూర్తయ్యాక ఇక్కడే పెడతాను, దిద్ది పెట్టండి.